పూర్తి మత్తులో పంటి చికిత్స: తేదీ ఖరారయ్యాక ఏం తెలుసుకోవాలి, ఎలా సిద్ధపడాలి

పంటి చికిత్స కోసం పూర్తిగా నిద్రపుచ్చాలని వైద్యులు చెప్పగానే రోగి అయినా, రోగి తల్లిదండ్రులైనా మొదట అడిగేది "ప్రమాదమేమీ ఉండదు కదా?" అని. ఆ తరువాత వచ్చే ప్రశ్నలు కూడా ఇంచుమించు అందరివీ ఒకటే: ఎన్ని గంటల ముందు తినడం మానాలి, జలుబు ఉంటే ఏం చేయాలి, మెలకువ వచ్చాక పిల్లలు ఎందుకు అంతగా ఏడుస్తారు, ముందు చెప్పినదానికంటే ఎక్కువ పళ్లు ఎందుకు తీశారు. చివరి ప్రశ్న అడిగేవారి గొంతులోనే బాధ ఎక్కువగా వినిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

తిమ్మిరి ఇంజెక్షన్‌తో చేసే మామూలు చికిత్సలో డాక్టరు మధ్యలో ఆగి "ఈ పన్ను నిలిచేలా లేదు, తీసేయమంటారా?" అని అడగగలరు. పూర్తి మత్తులో (జనరల్ ఎనస్థీషియాలో) రోగికి మెలకువ ఉండదు, మళ్లీ మళ్లీ మత్తు ఇవ్వకుండా ఉండేందుకు పనులన్నీ ఒకే విడతలో ముగించాలని చూస్తారు. అందువల్ల అడగవలసినవన్నీ, ఒప్పుకోవలసినవన్నీ, వద్దనవలసినవన్నీ మత్తు ఇవ్వకముందే తేలిపోవాలి. కింది మెట్లన్నీ దాని కోసమే. ఇవి ముందుగా తేదీ నిర్ణయించి చేసే చికిత్సలకు వర్తిస్తాయి. మొహం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవలేక లేదా మింగలేక అవస్థ పడుతున్నవారు ఇది చదువుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఏ పంటికి ఏ పని చేస్తారో పన్ను పన్నుకూ రాసిన చికిత్స ప్రణాళిక ప్రతి, వీలైతే ఎక్స్-రేలు.
- రోగి వాడుతున్న మందులన్నిటి పేర్లు, మోతాదులు. ఆకు మందులు, విటమిన్ మాత్రలు, బరువు తగ్గడానికి తీసుకునే ఇంజెక్షన్లు కూడా ఈ పట్టికలోకి వస్తాయి.
- పాత ఆపరేషన్లకు సంబంధించిన కాగితాలు, అలర్జీల వివరాలు.
- ఈ వారంలో తూచిన బరువు. మత్తు మందుల నుంచి నొప్పి మందు దాకా చాలావరకు కిలోల లెక్కనే ఇస్తారు కాబట్టి అంచనా బరువు పనికిరాదు.
- ఎన్ని గంటలకు ఏది ఆపాలో ఆసుపత్రివారు రాసిచ్చిన కాగితం.
- తోడుగా ఒక పెద్దవారు. చిన్న పిల్లలైతే ఇద్దరు, ఎందుకంటే తిరుగు ప్రయాణంలో ఒకరు బండి నడుపుతుంటే రెండోవారు పిల్లల పక్కన కూర్చోవాలి.
- ఇంట్లో డాక్టరు చెప్పిన నొప్పి మందు, మెత్తటి ఆహారం, శుభ్రమైన గాజుగుడ్డ ముక్కలు, రాత్రి వేళ ఫోను చేయడానికి ఒక నంబరు.

1. పూర్తి మత్తు ఎందుకు కావాలో స్పష్టంగా చెప్పించుకోండి

"పిల్లవాడు కుదురుగా కూర్చోవడం లేదు" అన్నది కారణంలో ఒక భాగం మాత్రమే. చాలా పళ్లు ఒకేసారి పుచ్చిపోయిన చిన్న పిల్లలు, ఆటిజం లేదా సెరిబ్రల్ పాల్సీ వంటి పరిస్థితుల వల్ల కుర్చీలో సహకరించలేనివారు, కుర్చీ చూస్తేనే భరించలేనంత భయం ఉన్నవారు, ఏది నోట్లో పెట్టినా డోకు వచ్చేవారు, దవడ ఎముకలో లోతుగా ఇరుక్కున్న జ్ఞాన దంతాలు తీయించుకోవలసినవారు సాధారణంగా దీనికి వస్తారు. మీ కేసు వీటిలో దేని కిందికి వస్తుందో అడగండి.

ఆ వెంటనే వేరే దారుల గురించి అడగండి. తిమ్మిరి ఇంజెక్షన్‌తో విడతలు విడతలుగా చేయడం ఒకటి. ముక్కు మాస్కు ద్వారా నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఇస్తూ చేయడం మరొకటి. మిడజోలామ్ వంటి మందుతో మగతలో ఉంచి చేసే సెడేషన్ ఇంకొకటి. పాల పళ్ల విషయంలో మరో రెండు మార్గాలున్నాయి. 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ పూస్తే చాలా పళ్లలో పుచ్చు ముందుకు సాగకుండా ఆగుతుంది, అయితే పూసిన చోట నల్లని మచ్చ శాశ్వతంగా ఉంటుంది. దవడ పన్ను లోపలి నరం ఇంకా ఆరోగ్యంగా ఉంటే, డ్రిల్లింగ్ లేకుండానే స్టీల్ క్యాప్ అతికించే హాల్ పద్ధతి ఉంది. వీటిలో ఏదీ మీ కేసుకు సరిపోదని డాక్టరు చెప్తే, ఎందుకు సరిపోదో రెండు వాక్యాల్లో చెప్పమనండి. ఆ రెండు వాక్యాలు చెప్పలేనివారి దగ్గర తేదీ ఖరారు చేసుకోవద్దనే నా సలహా.

హెచ్చరిక: "కొంచెం మత్తు ఇస్తాం" అనే మాటతో సరిపెట్టుకోకండి. సెడేషన్‌లో పిలిస్తే పలికే స్థితి ఉండవచ్చు. పూర్తి మత్తులో నొప్పి పెట్టినా రోగి స్పందించడు, ఊపిరికి తరచుగా సాయం కావాలి. కాబట్టి మత్తు ఎవరు ఇస్తారు, చికిత్స జరిగినంతసేపూ రోగిని చూసుకోవడం తప్ప వేరే పని లేని మత్తు డాక్టరు ఉంటారా, అత్యవసరమైతే ఏ సదుపాయం ఉంది అని నేరుగా అడగండి. బ్రిటన్‌లో 2001 చివరి నుంచి పంటి చికిత్సకు పూర్తి మత్తు ఆసుపత్రుల్లో మాత్రమే ఇవ్వాలన్న నియమం ఉంది. మీరున్న చోట నియమం ఏదైనా, ఈ ప్రశ్న అడగడంలో తప్పులేదు.

చిన్న పిల్లల మెదడు మీద మత్తు ప్రభావం గురించి కూడా చాలామంది అడుగుతారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో, మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి లేదా పదే పదే మత్తు ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరమని హెచ్చరించింది. పసివయసులో ఒకేసారి, గంటలోపు మత్తు పొందిన పిల్లలను ఐదేళ్ల వయసులో పరీక్షించిన పెద్ద అధ్యయనం ఒకటి 2019లో వెలువడింది, అందులో మెలకువగానే ఉంచి తిమ్మిరి ఇంజెక్షన్‌తో ఆపరేషన్ చేసిన పిల్లలతో పోలిస్తే తేడా కనబడలేదు. మూడేళ్లలోపు పిల్లలైతే ఎంతసేపు పట్టవచ్చో, వాయిదా వేస్తే నష్టమేమిటో పంటి డాక్టరును, మత్తు డాక్టరును ఇద్దరినీ అడిగి తూచుకోండి.

2. ప్రణాళికలోని పంటి నంబర్లు చదవడం నేర్చుకోండి

ఈ మెట్టును దాదాపు ఎవరూ పట్టించుకోరు. దీనికి పది నిమిషాలు చాలు, కాని పొరపాటును పట్టుకునే అవకాశం అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే.

ఎక్కువ దేశాల్లో వాడే ఎఫ్‌డీఐ (ప్రపంచ దంత వైద్య సమాఖ్య) పద్ధతిలో ప్రతి పంటికీ రెండంకెలు ఉంటాయి. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెప్తుంది. శాశ్వత పళ్లకు 1 అంటే పై కుడి, 2 పై ఎడమ, 3 కింది ఎడమ, 4 కింది కుడి. పాల పళ్లకు అదే వరసలో 5, 6, 7, 8. రెండో అంకె మధ్య గీత నుంచి వెనక్కి ఎన్నో పన్నో చెప్తుంది. కాబట్టి 54 అంటే పై కుడివైపు మొదటి పాల దవడ పన్ను, 75 అంటే కింది ఎడమవైపు రెండో పాల దవడ పన్ను, 36 అంటే కింది ఎడమవైపు మొదటి శాశ్వత దవడ పన్ను, 48 అంటే కింది కుడివైపు జ్ఞాన దంతం.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. కుడి, ఎడమ అనేవి రోగివి. మీరు ఎదురుగా నిలబడి చూస్తే తారుమారుగా కనిపిస్తాయి, కాగితం మీద గీసిన పటంలోనూ అంతే. ఇక అమెరికా పద్ధతిలో శాశ్వత పళ్లకు 1 నుంచి 32 వరకు వరస నంబర్లు, పాల పళ్లకు అక్షరాలు ఉంటాయి. దీనివల్ల 14 అన్న అంకె ఎఫ్‌డీఐలో పై కుడివైపు కోర పన్ను వెనక ఉండే చిన్న దవడ పన్నును సూచిస్తే, అమెరికా పద్ధతిలో పై ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్నును సూచిస్తుంది. ఒకచోట పరీక్ష చేయించుకుని మరోచోట చికిత్స చేయించుకునేవారు ఏ పద్ధతిలో రాశారో తప్పనిసరిగా అడగాలి.

సరిచూసుకునే విధానం: కాగితం చేత పట్టుకుని, రోగి నోట్లోకి లైటు వేసి, ప్రతి నంబరునూ పంటితో జత చేసి చూడండి. ఫిల్లింగ్ అని రాసిన పన్ను మీ కంటికి బాగానే కనిపించవచ్చు, ఎందుకంటే రెండు పళ్ల సందులో ఉన్న పుచ్చు ఎక్స్-రేలోనే బయటపడుతుంది. కాని తీసేయాలని రాసిన పన్ను పూర్తిగా బాగున్నట్టు అనిపిస్తే, అది ఎందుకో తప్పక అడగండి.

3. ప్రణాళిక మారితే ఏం చేయాలో ముందే ఒప్పందానికి రండి

చిన్న పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు చాలాసార్లు ఎక్స్-రే తీయనివ్వరు. అటువంటప్పుడు నిద్రపుచ్చాకే ఎక్స్-రే తీస్తారు, అప్పుడే అసలు లెక్క తెలుస్తుంది. మామూలు ఫిల్లింగ్ అనుకున్నది నరం దాకా పోయి ఉండవచ్చు, క్యాప్ వేద్దామనుకున్న పన్ను తీసేయవలసి రావచ్చు. ఇలా మారడం తప్పు కాదు. మారవచ్చని ముందే చెప్పకపోవడం తప్పు.

సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నలకు జవాబు రాయించుకోండి:

- అతి తక్కువగా ఏ పళ్లకు పని ఉంటుంది, పరిస్థితి బాగా చెడితే ఎన్నిటిని తీయవలసి రావచ్చు?
- ఏ మార్పులకు మీరు ఇప్పుడే అంగీకరిస్తున్నారు, ఏ మార్పుకు ఆపరేషన్ థియేటరులోంచి బయటికి వచ్చి మిమ్మల్ని అడగాలి? శాశ్వత పన్ను తీయడం రెండో వర్గంలో ఉండాలని నేను గట్టిగా చెప్తాను.
- సందేహం ఉన్న పంటికి నరం చికిత్స చేస్తారా, తీసేస్తారా? పూర్తి మత్తు చికిత్సల్లో డాక్టర్లు తరచుగా తీసేయడం వైపు మొగ్గుతారు, ఎందుకంటే విఫలమయ్యే పని చేస్తే మళ్లీ మత్తు ఇవ్వవలసి వస్తుంది. ఇది న్యాయమైన కారణమే, అయినా మీకు తెలిసి జరగాలి.
- పాల దవడ పన్ను ముందుగా తీస్తే ఆ ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ పెడతారా?
- క్యాప్‌లు వెండి రంగులో ఉంటాయా, తెల్లగానా?

జ్ఞాన దంతం తీయించుకునే పెద్దవారు మరొకటి అడగాలి. కింది దవడలో పంటి వేరుకు దగ్గరగా నరం పోతుంది. దానికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం, దగ్గరలోనే ఉండే మరో నరానికి తగిలితే నాలుక మొద్దుబారవచ్చు. చాలామందిలో ఇది కాలక్రమంలో తగ్గుతుంది, కొద్దిమందిలో నిలిచిపోతుంది. మీ ఎక్స్-రేలో వేరు, నరం ఎంత దగ్గరగా ఉన్నాయో చూపించమనండి.

4. మత్తు డాక్టరుకు ఏదీ దాచకుండా చెప్పండి

గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం, రక్తం గడ్డకట్టని జబ్బుల గురించి వారే అడుగుతారు. అడగకపోయినా మీరు చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి. రక్త సంబంధీకుల్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు జ్వరం విపరీతంగా పెరగడం, మెలకువ రావడానికి లేదా ఊపిరి తీసుకోవడానికి చాలా ఆలస్యం కావడం జరిగిందా అన్నది వాటిలో ముఖ్యమైనది. మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అనే అరుదైన వంశపారంపర్య సమస్యలో కొన్ని మత్తు మందులు ప్రాణాంతకమవుతాయి. ముందే తెలిస్తే వేరే మందులతో సురక్షితంగా మత్తు ఇవ్వవచ్చు. నిద్రలో గురక పెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు అనిపించడం, కదులుతున్న పళ్లు, పొగ తాగడం, మద్యం అలవాటు, గర్భం ఉండే అవకాశం కూడా చెప్పాలి.

మందుల విషయంలో సొంత నిర్ణయాలు వద్దు. బీపీ, మూర్ఛ, థైరాయిడ్ మందులను "ఖాళీ కడుపు కదా" అని ఎవరికి వారే మానేయడం తరచుగా జరిగే తప్పు. చాలా మందులను ఒక గుక్క నీటితో వేసుకోమనే చెప్తారు. దీనికి భిన్నంగా, రక్తం పలచబరిచే మందులు, ఇన్సులిన్, మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు, బరువు తగ్గడానికి కూడా వాడే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ల విషయంలో ప్రత్యేక సూచనలు ఉంటాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపుతారు. సెమాగ్లుటైడ్ వాడేవారి కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి ఖాళీ కడుపు నియమాలే మారవచ్చు. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారికి, కొన్ని పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు ఉన్నవారికి చిగుళ్లను కదిలించే చికిత్సకు ముప్పై నుంచి అరవై నిమిషాల ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి. మీకు వర్తిస్తుందేమో గుండె డాక్టరును అడిగి రండి.

5. జలుబు వస్తే ఫోను చేయండి

పిల్లల తేదీలు మారడానికి తరచుగా కనిపించే కారణం ఇదే. జలుబు చేసినప్పుడు శ్వాసనాళాలు చిరాకుగా ఉండి, మత్తులో బిగుసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. పైకి జలుబు తగ్గినట్టు కనిపించినా ఆ చిరాకు కొన్ని వారాలు నిలుస్తుంది. నీటిలాంటి చీమిడి మాత్రమే ఉండి, జ్వరం లేకుండా, పిల్లలు హుషారుగా ఉంటే కొనసాగించవచ్చని మత్తు డాక్టరు అనవచ్చు. జ్వరం, కఫంతో దగ్గు, పిల్లికూతలు, చిక్కటి పచ్చ చీమిడి ఉంటే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు వాయిదా వేస్తారు. ఎన్నో వారాలు ఎదురుచూసిన తేదీ పోతుందన్న భయంతో దగ్గు మందు తాగించి తీసుకువెళ్లేవారున్నారు, అలా చేయకండి. పంటి నొప్పికి మధ్యలో ఏం ఇవ్వాలో అదే ఫోనులో అడగండి.

6. ఖాళీ కడుపు నియమాన్ని గడియారంతో పాటించండి

మత్తులో దగ్గు, మింగుడు వంటి రక్షణలు పనిచేయవు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం కలగవచ్చు. అందుకే ఈ నియమం. విస్తృతంగా పాటించే లెక్క ఇది:

- నూనె, మాంసం ఉన్న భారీ భోజనం: 8 గంటల ముందు ఆపాలి.
- తేలికపాటి ఆహారం, జంతువుల పాలు, డబ్బా పాలు: 6 గంటల ముందు.
- తల్లి పాలు: 4 గంటల ముందు.
- నీరు, పిప్పి లేని పండ్ల రసం, పాలు కలపని టీ వంటి పారదర్శక ద్రవాలు: 2 గంటల ముందు. పిల్లలకు 1 గంట వరకూ అనుమతించే ఆసుపత్రులు ఉన్నాయి.

మీ ఆసుపత్రి కాగితంలో వేరే అంకెలు ఉంటే వాటినే పాటించండి. గంటలు లెక్కించవలసింది మత్తు ఇచ్చే సమయం నుంచి. ఆసుపత్రికి చేరే సమయం నుంచి లెక్కిస్తే తేడా వస్తుంది, కాబట్టి "ఏ గంటకు ఏది ఆపాలి" అని గడియారం సమయాలే రాయించుకోండి.

ఇందులో తప్పులు రెండు వైపులా జరుగుతాయి. పాలు ద్రవమే కదా అని పొద్దున్నే పట్టించడం, చూయింగ్ గమ్ తిండి కాదనుకోవడం, ఆకలికి ఏడుస్తున్నాడని ఇంట్లో ఇంకొకరు తెలియక ఏదో తినిపించడం ఒక వైపు. అలా జరిగితే చెప్పేయండి, ఆలస్యమో వాయిదానో తప్ప మరేమీ కాదు. రెండో వైపు తప్పును ఎవరూ తప్పుగా చూడరు: రాత్రి భోజనం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా నీళ్లు కూడా ఇవ్వకపోవడం. దీనివల్ల పిల్లలు నీరసించి, చిరాకుపడి, సూదికి రక్తనాళం దొరకక ఇబ్బందిపడతారు. అనుమతి ఉన్న చివరి సమయానికి గుర్తుపెట్టుకుని నీళ్లు తాగించండి.

7. ఆ రోజు ఉదయం

పళ్లు తోమించి, వదులు బట్టలు వేసి, గోళ్ల రంగు తీసేసి తీసుకువెళ్లండి. రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్పును వేలికే పెడతారు. నగలు, కాంటాక్ట్ లెన్సులు, ఊడే కట్టుడు పళ్లు తీసేయాలి. సూది భయం ఉన్న పిల్లలకు చేతి మీద తిమ్మిరి క్రీము రాయమని అడగవచ్చు, అయితే అది పనిచేయడానికి సుమారు గంట పడుతుంది కాబట్టి చేరగానే అడగాలి.

పిల్లలకు నిజమే చెప్పండి. "ఊరికే చూసి వచ్చేద్దాం" అంటే ఆ తరువాత ఏ డాక్టరునూ నమ్మరు. "నువ్వు నిద్రపోతావు, అప్పుడు పళ్లు బాగుచేస్తారు, లేచేసరికి నేను పక్కనే ఉంటాను" అంటే చాలు. సూది, కోత వంటి మాటలు మీరుగా తీసుకురాకండి. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి.

లోపలికి తీసుకువెళ్లే ముందు పంటి డాక్టరు ఒకసారి కనబడాలని కోరండి, రెండో మెట్టులోని కాగితం చూపించి పళ్ల నంబర్లు మరోసారి కలిసి చదవండి. ఇది అవమానమని ఏ మంచి డాక్టరూ అనుకోరు.

8. లోపల ఏం జరుగుతుంది

మాస్కు ద్వారా సెవోఫ్లూరేన్ వాయువుతో గాని, సెలైన్ సూది ద్వారా ప్రొపొఫాల్‌తో గాని నిద్రపుచ్చుతారు. నోరు ఖాళీగా ఉండాలి కాబట్టి ఊపిరి గొట్టాన్ని చాలాసార్లు ముక్కు గుండా వేస్తారు. నీళ్లు, రక్తం లోపలికి పోకుండా గొంతులో గాజుగుడ్డ పెట్టవచ్చు. దాన్ని పెట్టినట్టు, తిరిగి తీసినట్టు లెక్క రాస్తారు. గుండె, ఆక్సిజన్, బీపీ, వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అన్నీ యంత్రాల మీద కనిపిస్తూ ఉంటాయి. నోరంతా చేయవలసిన పిల్లలకు తరచుగా గంటన్నర నుంచి మూడు గంటలు పడుతుంది. అనుకున్నదానికంటే ఆలస్యమైతే ఏదో జరిగిందని కంగారుపడకండి, ప్రణాళిక మారడమే ఎక్కువగా కారణమవుతుంది.

9. మెలకువ వచ్చాక, ఇంటికి బయలుదేరే ముందు

కొందరు పిల్లలు లేవగానే గుర్తుపట్టనట్టు చూస్తారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడుస్తారు. మత్తు దిగేటప్పుడు వచ్చే ఈ గందరగోళం చాలామందిలో పావుగంట నుంచి అరగంటలో తగ్గుతుంది, తరువాత వారికి గుర్తుండదు కూడా. బుజ్జగిస్తూ, పడిపోకుండా పట్టుకోండి. గొంతు మంట, ముక్కులోంచి కొద్దిగా రక్తం, ఒకటి రెండు వాంతులు సాధారణం.

బయలుదేరే ముందు ఈ నాలుగూ చేతిలో ఉండాలి:

- చేసిన పనుల జాబితా, పంటి నంబర్లతో. మొదటి ప్రణాళిక పక్కన పెట్టి పోల్చండి, తేడా ఉన్న ప్రతి పంటికీ కారణం అడిగి రాసుకోండి.
- నొప్పి మందు లోపల చివరిసారి ఏది, ఎన్ని గంటలకు ఇచ్చారో. సెలైన్‌లో పారాసిటమాల్ ఇచ్చి ఉంటే, అది తెలియక ఇంటికి రాగానే మళ్లీ ఇవ్వడం సులువుగా జరిగే పొరపాటు.
- కుట్లు వేశారా, అవి వాటంతట అవే కరుగుతాయా.
- నోటిలో తిమ్మిరి ఇంజెక్షన్ కూడా చేశారా. చేసి ఉంటే పెదవి రెండు మూడు గంటలు మొద్దుగా ఉంటుంది, పిల్లలు నొప్పి తెలియక దాన్ని నమిలేసుకుంటారు. మర్నాడు పెదవి వాచి తెల్లటి పుండులా కనిపిస్తే చీము పట్టిందని చాలామంది భయపడతారు, చాలాసార్లు అది కొరుక్కున్న గాయమే.

పెద్దవారు 24 గంటల పాటు బండి నడపకూడదు, మద్యం తీసుకోకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. హార్మోన్ల గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు సుగమ్మడెక్స్ అనే మందు ఇచ్చారేమో అడగాలి. ఇచ్చి ఉంటే ఏడు రోజుల పాటు అదనంగా హార్మోన్లు లేని వేరే గర్భనిరోధక పద్ధతి కూడా అవసరం.

10. ఇంట్లో

ముందు నీళ్లు కొద్దికొద్దిగా, అవి ఆగితే మెత్తటి, వేడి లేని ఆహారం. పన్ను తీసిన చోట 24 గంటలు పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం వద్దు, ఎందుకంటే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. రక్తం కారితే తడి గాజుగుడ్డను మడిచి, ఇరవై నుంచి ముప్పై నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా గట్టిగా కొరికి పట్టించండి. రాత్రి లాలాజలం గులాబీ రంగులో ఉండటం మామూలే.

పారాసిటమాల్ సాధారణ మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు, 24 గంటల్లో 4 సార్లకు మించకూడదు. 14 కిలోల పిల్లలకు 210 మిల్లీగ్రాములు అవుతుంది. సిరప్ 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉండేదైతే అది 4.2 మిల్లీలీటర్లు, 120 ఉండేదైతే 8.75 మిల్లీలీటర్లు. సీసా మారితే మిల్లీలీటర్లు మారతాయి కాబట్టి లేబుల్ చదవండి, డాక్టరు రాసినదానితో సరిపోల్చండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. పన్నెండేళ్లలోపు వారికి కోడీన్, ట్రమడాల్ వద్దు.

పన్ను తీసినా తీయకపోయినా ఆ రాత్రే మెత్తటి బ్రష్‌తో మిగతా పళ్లు తోమాలి. క్యాప్ వేసిన చోట చిగురు ఎర్రగా ఉందని తోమడం మానేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. కొత్త క్యాప్ ఎత్తుగా తగిలినట్టు అనిపించడం పిల్లల్లో కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

11. అంతా సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి

మొదటి రోజు స్వల్ప జ్వరం రావచ్చు. జ్ఞాన దంతం తీసినప్పుడు బుగ్గ వాపు రెండు, మూడో రోజుల్లో పతాక స్థాయికి చేరి తరువాత తగ్గుతుంది. నొప్పి రోజురోజుకూ తగ్గుతుండాలి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగి చెవి దాకా పాకితే, పన్ను తీసిన గుంటలో రక్తపు గడ్డ ఊడిపోయిందని అనుమానించాలి. ఇది పెద్దవారి కింది దవడ పళ్లలో, ముఖ్యంగా పొగ తాగేవారిలో ఎక్కువ. యాంటీబయాటిక్ సొంతంగా కొనుక్కోకుండా డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకుని మందు పెట్టించుకోవాలి.

వెంటనే ఫోను చేయవలసినవి: అరగంట నొక్కి పట్టినా ఆగని రక్తం, 38.5 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, మూడో రోజు తరువాత కూడా పెరుగుతున్న వాపు, ఆగని వాంతులు, పిల్లలు 8 గంటలుగా మూత్రం పోయకపోవడం. ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా, లేపినా లేవకపోయినా ఫోను కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

తిరిగి చూపించుకునే తేదీ మామూలుగా ఒకటి రెండు వారాల్లో ఉంటుంది. నొప్పి లేదని దాన్ని వదిలేయకండి. పూర్తి మత్తులో పళ్లన్నీ బాగుచేయించుకున్న పిల్లల్లో చాలామందికి మళ్లీ పుచ్చు వస్తుంది, ఎందుకంటే పళ్లు మారాయి గాని తీపి తినే వేళలు, రాత్రి పాల సీసా, తోమే తీరు మారలేదు. మూడు నెలలకొకసారి పరీక్ష, పళ్ల మీద పూసే ఫ్లోరైడ్ వార్నిష్ ఎప్పుడెప్పుడో ఆ మొదటి సందర్శనలోనే రాయించుకోండి. కనీసం 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టును మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత వేసి, రోజుకు రెండుసార్లు పెద్దవారే తోమాలి. స్పేస్ మెయింటెయినర్ పెట్టి ఉంటే అది కదులుతోందేమో ప్రతి పరీక్షలోనూ చూడమనండి, కింద శాశ్వత పన్ను వచ్చే సమయానికి దాన్ని తీయించడం మరచిపోకుండా కార్డు మీద ఆ పంటి నంబరు రాసి ఉంచండి.